అమ్మకం పద్దు

మిల్వాకీలో ఫిబ్రవరి. లైబ్రరీ నేలమాళిగ.
గోడలో పైపులు దగ్గుతున్నాయి.
వచ్చింది ఐదుగురం, కోరం ఆరు.
"సంఘం మొత్తమే ఐదుగురం కదా" అంది పా న్యియా.
ఆ నియమం ఎవరు పెట్టారో చూడాలంటే
పాత మినిట్స్ కావాలి.
పాత మినిట్స్ లేవు.
పాతకాగితం దాచడమే చదువుగా పెట్టుకున్నవాళ్ళకి
పోయినేటి కాగితం ఒక్కటీ లేదు.
దీపం కిందే చీకటని తెలుగులో అనుకుని
ఇంగ్లీషులో "గమనించడమైనది" అని రాశాను.
కార్యదర్శిని నేనే. చేతిరాత బాగుందని ఎన్నుకున్నారు,
పోటీకి ఎవరూ లేరు.

అంశం ఒకటి, వక్త.
షికాగో ప్రొఫెసర్ మూడొందలు అడిగాడు, హోటలు వేరే.
మా ఖాతాలో నలభై ఒక్క డాలర్లు, కాస్త చిల్లర.
డెల్ఫీన్ వాళ్ళ వీధిలో ఒకావిడ ఉందట,
లొరైన్ జెలిన్‌స్కీ, ఎనభై మూడేళ్ళు,
వీపులు విరిగిన పుస్తకాలకి
నలభై ఏళ్ళు కుట్లు వేసిన చెయ్యి.
డబ్బు వద్దంది.
మంచులో కారు తియ్యను, ఎవరైనా వచ్చి తీసుకుపొండి, అంది.
కారున్నది ఆగస్ట్ ఒక్కడికే. అందులో హీటరు పనిచెయ్యదు.
దుప్పటి తెచ్చే పూచీ నాది.

అంశం రెండు, నిధులు.
కేకులు అమ్ముదామంటే
నర్సింగు పిల్లలు నిన్ననే ఊరందరికీ తినిపించేశారు.
అప్పుడు ఆగస్ట్ స్టోర్‌రూంలోంచి
పారెయ్యమని పెట్టిన పెట్టెలు మూడు ఈడ్చుకొచ్చాడు.
కేటలాగు కార్డులు.
టీ రంగు తిరిగిన అంచులు, అడుగున ఒక చిల్లి.
ఆ చిల్లికి రిబ్బను కడితే బుక్‌మార్కు, ఒక్కోటి డాలరు.
తీర్మానం ఏకగ్రీవం.

శనివారం మెట్ల కింద బల్ల వేశాం.
తిమింగలాలు మొదట పోయాయి.
తేనెటీగల కోసం ఇద్దరు చెరోవైపు పట్టుకున్నారు.
మురుగునీటి పారుదల మాత్రం
రెండింటిదాకా ఎవరికీ అక్కర్లేక పడుంది.

ఒక పెద్దాయన ఆగాడు.
టోపీ మీది మంచు కార్డుల మీద రాలుతుందని
టోపీ తీసి వీపు వెనక పట్టుకున్నాడు.
ఆ కార్డే తీశాడు. ఏం రాసుందో చదవలేదు.
కింద మూలన పెన్సిలుతో
ఆవగింజంత రెండక్షరాలు,
రాసినవాళ్ళ గుర్తు.
"మా అమ్మ" అన్నాడు.
"జి తోక ఇలాగే కిందికి జారిపోతుంది ఆవిడకి.
కిరాణా చీటీ రాసినా అంతే."
ఇరవై నోటు పెట్టాడు.
పందొమ్మిది తిరిగిస్తుంటే
చూడనట్టు టోపీ సర్దుకుంటూ తలుపు తోశాడు.

ఆ తరవాత రిబ్బను ఎవరం ముట్టలేదు.
పా న్యియా ధర రాసిన అట్టని
చప్పుడు కాకుండా బోర్లా పెట్టింది.
పెట్టెల్లో మిగిలినవన్నీ నేల మీద పోసి
మోకాళ్ళ మీద కూర్చుని ఐదుగురం
ఆ జారిపోయే తోక కోసం వెతికాం.
గోధుమ తెగుళ్ళు, లైట్‌హౌసులు, కవలపిల్లలు,
గుర్రపు లాడాలు, నిద్రలో నడవడం.
రాత్రి తొమ్మిదికి నూట పద్దెనిమిది.
అప్పుడు తట్టింది
ఆయన పేరు అడగలేదని.
పేర్లు అడిగి రాసుకోవడం మా పని.
తేనెటీగలు కొన్నదెవరో కూడా ఎవరికీ తెలీదు,
వాటి మూల కూడా ఎవరూ చూడలేదు.

డెల్ఫీన్ లెక్కల పుస్తకం నా ముందుకి జరిపింది.
"ఆ ఇరవై ఎక్కడ రాస్తావ్? అమ్మకమా, విరాళమా?"
మా భాషలో అమ్మకంలోనే అమ్మ ఉంటుందని
వీళ్ళకి ఏ మాటల్లో చెప్పను?
కాసేపు పెన్ను ఊరికే పట్టుకున్నాను.
అమ్మకమనే రాశాను.
పక్కన, మూలగా, పెన్సిలుతో
ఆవగింజంత నా పొడి అక్షరాలు రెండు.

దాని కింద ఇంకో గీత:
గురువారం ఆరింటికి, లొరైన్ గారికి దుప్పటి.